కొత్త మోకాలు, పాత భయం



రెండేళ్ళ క్రితం నా కుడి మోకాలు మార్చారు. నన్ను చూసుకోవడానికి మా అక్క గుంటూరు నుంచి మాంచెస్టర్ వచ్చింది. వచ్చిన రోజే మోకాలి కింద మెత్తటి తలగడ పెట్టి, "కదపకే, కుట్లు ఊడతాయి" అంది. హాయిగా ఉంది కనుక నేనూ విన్నాను. ఆరో వారంలో ఫిజియోథెరపీ అమ్మాయి కొలిచి చూస్తే కాలు 75 డిగ్రీలే వంగింది. పూర్తిగా చాపడమూ రాలేదు. ఇలాగే ఉంటే మళ్ళీ మత్తిచ్చి వంచాల్సి రావచ్చునంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కను తప్పు పట్టలేను. ఈ వైద్యం చరిత్ర చదివితే, ఒకప్పుడు డాక్టర్లకూ అదే భయం ఉండేదని తెలిసింది.

1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లీస్ గ్లుక్ అనే సర్జన్ క్షయతో పాడైన మోకాళ్ళకు ఏనుగు దంతంతో చేసిన కీళ్ళు అమర్చాడు. చీము పట్టి అవి నిలవలేదు. 1950లలో వచ్చిన కీళ్ళు తలుపు బందుల్లా వంగేవి. మన మోకాలు వంగుతూ కొంచెం జారుతుంది, తిరుగుతుంది కూడా. అందుకే అవి వదులైపోయేవి.

మలుపు మాకు దగ్గర్లోనే వచ్చింది. లాంకషైర్‌లోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1962లో లోహం, గట్టి ప్లాస్టిక్ కలిపి తుంటి కీలు అమర్చాడు. అక్కడికి కెనడా నుంచి వచ్చిన ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో ఆ పద్ధతిని మోకాలికి తెచ్చాడు. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్‌సాల్ బృందం తెచ్చిన కీలు నేటి మోకాళ్ళకు మూలం. ఆ బృందంలోని చిత్తరంజన్ రణావత్ గారే 2000 అక్టోబరులో ముంబైలో వాజపేయి గారి మోకాలికి ఆపరేషన్ చేశారు. మనలో చాలామంది ఈ ఆపరేషన్ గురించి విన్నది అప్పుడే.

కీలు మారినా అలవాటు వెంటనే మారలేదు. పుండు మానేదాకా కాలికి పట్టీ వేసి కొన్నాళ్ళు కదలనిచ్చేవారు కాదు. టొరంటోలో రాబర్ట్ సాల్టర్ కదలిక కీలుకు మేలని చూపి, 1970లలో కాలును మెల్లగా వంచి చాపే యంత్రానికి దారి వేశాడు. మోకాలు మార్పిడి తర్వాత ఆ యంత్రం వల్ల కలిగే అదనపు లాభం స్వల్పమేనని తర్వాత తేలింది. మన కండరాలతో మనం కదలాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆపరేషన్ రోజునో, మర్నాడో లేపి నడిపిస్తున్నారు.

ఎందుకంటే, లోపలి గాయం మానుతూ బిగుసుకుంటుంది. మొదటి వారాల్లో కదపకపోతే ఆ బిగుతు గట్టిపడుతుంది. మామూలు నడకకు 70 డిగ్రీల దాకా వంపు కావాలి. మెట్లకు 90 దరిదాపు, కుర్చీలోంచి తేలిగ్గా లేవడానికి 100 దాటాలి.

మర్నాడే తలగడ తీసేశాం. ముందు నొప్పి మాత్ర, తర్వాత మడమను పక్క మీద జారుస్తూ కాలు వంచడం, చాపి తొడ కండ బిగించడం, చివర ఐస్. నేను మూలుగుతుంటే అక్క కళ్ళొత్తుకుంటూనే లెక్కపెట్టేది. నాలుగో నెలకు 110 వచ్చింది. బాసింపట్టు వేసుకుని కూర్చోలేను, వ్రతానికి పీట బదులు కుర్చీయే. కానీ మెట్లు మామూలుగా ఎక్కుతున్నాను.

మీ ఇంట్లో అమ్మకో, మామగారికో ఈ ఆపరేషన్ అయితే అన్నీ మంచం దగ్గరికే అందించకండి. డాక్టరు చెప్పిన మేరకు లేపి నడిపించండి. పిక్క వాచినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చెమ్మ కనిపించినా మాత్రం ఆలస్యం చేయకండి.

వచ్చే నెల అక్కకు ఆపరేషన్. ఈసారి లెక్కపెట్టడానికి నేను గుంటూరు వెళ్తున్నాను. సెలవు.