రాడ్ సెర్లింగ్: గ్రహాంతరవాసులతో చెప్పించిన మాటలు

ఈ ఎపిసోడ్‌లో రాడ్ సెర్లింగ్ గురించి చెప్తాను. 'ట్విలైట్ జోన్' సృష్టికర్త అనగానే, ఈయనకి దయ్యాలన్నా గ్రహాంతరవాసులన్నా మహా ఇష్టం కాబోలు అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. మిగతా దారులు మూసేస్తే ఆయన ఈ దారిలోకి వచ్చాడు.

1924లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. హైస్కూల్ అవగానే సైన్యంలో చేరి, ఫిలిప్పీన్స్‌లో పోరాడి, గాయాలతో తిరిగొచ్చాడు. తర్వాత కాలేజీ, రేడియో, టీవీ. అప్పట్లో టీవీ నాటకాలు చాలావరకు లైవే. 1955 జనవరిలో ఆయన రాసిన 'పాటర్న్స్' జనానికి ఎంత నచ్చిందంటే, నెల తిరక్కుండానే మళ్ళీ లైవ్‌లో ఆడించారు. దానికి ఎమ్మీ వచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి ఇద్దరు తెల్లవాళ్ళు చంపేశారు. జ్యూరీ వాళ్ళని నిర్దోషులని వదిలేసింది. సెర్లింగ్ దీని మీద నాటకం రాయాలనుకున్నాడు. నల్లవాడు హతుడంటే స్పాన్సర్ ఒప్పుకోడని తెలుసు కాబట్టి, ముందే జాగ్రత్తపడి ఒక యూదు వృద్ధుణ్ణి పెట్టాడు. అయినా ఇది టిల్ కథేనన్న వార్త బయటికొచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దక్షిణాది వైట్ సిటిజన్స్ కౌన్సిళ్ళు బహిష్కరిస్తామని లేచాయి. ఇక స్పాన్సర్ కత్తెర పట్టుకున్నాడు. కథ దక్షిణాది నుంచి న్యూ ఇంగ్లండ్‌కి మారింది. హతుడు ఎవరో పేరులేని విదేశీయుడయ్యాడు. ఆఖరికి సెట్‌లో ఉన్న కోకాకోలా సీసాలు కూడా తీసేశారు, చూస్తే దక్షిణాది గుర్తొస్తుందని! 1956లో 'నూన్ ఆన్ డూమ్స్‌డే' పేరుతో ప్రసారమైంది ఈ మిగిలిన పిప్పే.

ఆ ఏడాదే సెనేట్ మీద ఇంకో నాటకం. అందులో సెనేటర్లు అప్పటి సమస్య ఒక్కటి కూడా మాట్లాడకూడదన్నారు. దీన్నే 2057లో పెట్టి రోబోలతో నింపి ఉంటే నయంగా ఉండేదని సెర్లింగ్ తర్వాత రాసుకున్నాడు. నాకైతే 'ట్విలైట్ జోన్' పుట్టింది ఈ ఆలోచన దగ్గరే అనిపిస్తుంది.

1959 సెప్టెంబరులో మైక్ వాలెస్ ఇంటర్వ్యూలో, వర్తమాన సామాజిక సమస్యలని ఇక నాటకాల్లోకి తీసుకురానని చెప్పాడు. పది రోజులకి, అక్టోబరు 2న, సీరీస్ మొదలైంది. 1960 మార్చిలోనే మేపుల్ స్ట్రీట్ ఎపిసోడ్ వచ్చింది. ఒక వీధిలో కరెంటు పోతుంది, కార్లు కదలవు. మనలో ఎవడో గ్రహాంతరవాసి అని ఇరుగుపొరుగే ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకుంటారు. చివరికి తుపాకీ పేలుతుంది, చచ్చేది పక్కింటాయనే. పైనుంచి గ్రహాంతరవాసులు చూస్తుంటారు. వాళ్ళు చేసిందల్లా కరెంటుతో ఆడుకోవడం. కమ్యూనిస్టుల వేట చూసిన ఏ అమెరికన్‌కైనా ఇది అర్థమవుతుంది. స్పాన్సర్‌కి మాత్రం ఇది గ్రహాంతరవాసుల కథ.

స్పాన్సర్లని భలే బోల్తా కొట్టించాడని చాలామంది మెచ్చుకుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ముసుగు వేస్తే మాట బయటికొస్తుంది నిజమే, కానీ ఎవర్ని అన్నాడో వాళ్ళు తమని కాదనుకుని హాయిగా చూసేయొచ్చు. మేపుల్ స్ట్రీట్‌లో ఎమ్మెట్ టిల్ లేడు. 1960లోనే నల్లజాతి నటులు ముఖ్యపాత్రల్లో 'ద బిగ్ టాల్ విష్' తీశాడు. అప్పటి టీవీకి అది చాలా అరుదు.

156 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. 1964లో సీరీస్ ఆగిపోయాక తన వాటా సీబీఎస్‌కి అమ్మేశాడు. 1970లో మొదలైన 'నైట్ గ్యాలరీ'కి ముందుమాట చెప్పే ముఖం ఆయనదే, నిర్ణయాలు మాత్రం వేరేవాళ్ళవి. దాని మీద ఆయనకి కోపం ఉండేది. 1975 జూన్‌లో, గుండె ఆపరేషన్ తర్వాత, 50 ఏళ్ళకే పోయాడు.

ఇప్పటిదాకా చూడనివాళ్ళు మేపుల్ స్ట్రీట్‌తో మొదలుపెట్టండి. అరగంట లోపే అయిపోతుంది.