కొండా, గేరూ, మా అమ్మా

మా అవ్వ తిరుమల కొండ మెట్ల మీదుగా ఎక్కింది. మా అమ్మ బస్సులో ఎక్కింది. నేను మాత్రం కారు నడుపుకుంటూ, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలనుకున్నాను. ఆవిడకు మోకాళ్ల నొప్పి. ఈసారి దర్శనం చేసుకోకపోతే మళ్లీ ఎప్పుడోనని దిగులు.

నా కారు టర్బో ఇంజనుది. గేరు మార్చే పని లేని ఆటోమేటిక్. మా అన్న వినగానే మొహం చిట్లించాడు. "పాపా, అది ఆడోళ్ల బండి. ఘాట్ రోడ్డులో గేరు నీ చేతిలో ఉండాల. అమ్మను పెట్టుకుని ప్రయోగాలు వద్దు" అన్నాడు. అమ్మ బిక్కమొహం వేసింది. నాకు రోషం వచ్చింది. బి.ఏ. చదివినదాన్ని, రోషం వస్తే పుస్తకాలే తిరగేస్తాను!

1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండకు కాళ్లే దిక్కు, లేదంటే డోలీ. ఆ రోడ్డు రూపకల్పన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిదని చెప్పుకుంటారు. 1974లో రెండో రోడ్డు వచ్చాక, పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి అయ్యాయి. నా చిన్నప్పుడు బస్సులో ముందు సీటుకోసం పోట్లాడేదాన్ని. ప్రతి మలుపులోనూ డ్రైవరు గేరు కడ్డీతో కుస్తీ పట్టేవాడు.

ఇక టర్బో సంగతి. ఇంజను వదిలే పొగతోనే చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజనులోకి మరింత గాలిని కుక్కడం. అంటే పొయ్యిలోని పొగే ఊదుగొట్టం పట్టుకుని పొయ్యిని ఊదినట్టన్న మాట! 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ దీనికి పేటెంటు తీసుకున్నాడు. దీన్ని పరీక్షించడానికీ కొండే కావలసి వచ్చింది చూడండి. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అమెరికాలో 14 వేల అడుగుల పైక్స్ పీక్ మీదికి విమానం ఇంజనును మోయించి, పలచని గాలిలో పనిచేయించాడు.

అయితే చేత్తో గేరు మార్చేటప్పుడు పెడలు మీది కాలు తీయాలి. పొగ తగ్గుతుంది, చక్రం మందగిస్తుంది. మళ్లీ ఊపందుకునేదాకా బండి నీరసంగా ఈడుస్తుంది. ఆటోమేటిక్‌లో కాలు తీయనక్కర్లేదు, ఊపు తగ్గదు. ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 1940 మోడలు కార్లకు ఆటోమేటిక్ గేరు పెట్టింది. అదే కంపెనీ 1962లో 'జెట్‌ఫైర్' అనే టర్బో కారును రెండు రకాల గేర్లతోనూ అమ్మింది. ఇంజను దెబ్బతినకుండా పోయాల్సిన ప్రత్యేక ద్రవాన్ని పోయడం చాలామంది మరిచిపోయేవారట. పాపం, ఆ కారు రెండేళ్లకే మూలబడింది.

అంత దూరమెందుకు? మన శ్రీసిటీలో 2016లో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడి టర్బో డీజిల్ పికప్ బండి మొదట చేతి గేరుతో వచ్చింది. 2019లో దానికే ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. గుట్టలెక్కే ఆ మోటు బండిని ఆడోళ్ల బండి అనమనండి చూద్దాం!

ఈ చదువుతో ధైర్యంగా బయలుదేరాను. ఎక్కడం నల్లేరు మీద బండి నడకే. దర్శనం బాగా జరిగింది. దిగేటప్పుడే నా పాండిత్యం బయటపడింది. నాలుగు మలుపులు తిరిగేసరికి మాడు వాసన! కాలు బ్రేకు మీదే ఉంది, బండి మాత్రం తోసుకుపోతోంది. నా అరచేతులు చెమట పట్టాయి.

అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది: "ఏమ్మే, దిగేటప్పుడు గూడా బస్సు మూలుగుతా వచ్చేది గదా. ఇదేంది, నోరెత్తకుండా పోతా ఉండాది?"

చటుక్కున వెలిగింది. ఆ మూలుగు చిన్న గేరుది! బండి బరువును ఇంజనే పట్టి ఆపుతుంటే బ్రేకుకు శ్రమ తగ్గుతుంది. ఆటోమేటిక్ అయినా కడ్డీని పక్కకు జరిపి రెండో గేరులో ఉంచవచ్చు. ఉంచాను. కారు మూలిగింది. నా ప్రాణం కుదుటపడింది. కాస్త చోటు దొరికిన దగ్గర ఆపి, బ్రేకులు చల్లారాక మెల్లిగా దిగాం.

మా అన్న మాటలో సగం నిజముందని ఒప్పుకుంటున్నాను. గేరు చేతిలో ఉండాల్సిందే. కానీ ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చు. 2022 నుంచి కొండకు కరెంటు బస్సులు కూడా తిరుగుతున్నాయి. వాటికి టర్బో లేదు, డ్రైవరు మార్చే గేర్లూ లేవు.

ఇంటికొచ్చాక అన్న ఫోన్ చేశాడు, "ఎట్లా నడిపింది పాప?" అని. అమ్మ తడుముకోకుండా చెప్పింది: "ఎక్కేటప్పుడు అది నడిపింది. దిగేటప్పుడు నేను నడిపినా!"