గాజునార, జిగురు



గాదె అల్లుట మీరెఱుగని విద్య కాదు. వెదురు తడిక ఒంటిగా నున్నచో గింజ జారిపోవును. పేడయు బంకమన్నును ఒంటిగా నెండినచో బీటలువారును. రెండింటిని కూర్చినచో ఏండ్లకొలది ధాన్యము నిలుచును. నేడు బజారున ‘ఫైబరు’ అని పిలుచు వస్తువు ఈ జాతిదే. వెదురునకు మాఱు గాజునార, మన్నునకు మాఱు రసాయనపు జిగురు.

గాజు పెళుసు గదా, దానికి బలమెక్కడిదని అడుగుదురేమో. కరగిన గాజును వెండ్రుకకంటె సన్నని పోగుగా తీసినచో అది వంగును. లాగినను ఒకపట్టున తెగదు. ఈ పోగులను విరివిగా తీయు పరిశ్రమ 1930 తరువాతి దశాబ్దమున అమెరికాలో నెలకొనెను. రెండవ ప్రపంచ యుద్ధమున విమానముల రాడారు యంత్రములను కప్పు గుల్లలను దీనితో చేసిరి. ఏలయన రేడియో తరంగములను లోహము అడ్డగించును, ఇది అడ్డగింపదు.

మన హైదరాబాదున కంచన్‌బాగులోని రక్షణ ప్రయోగశాల నారయు జిగురును కూర్చు ఈ విద్యయందు ఆరితేరెను. అగ్ని క్షిపణి 1989 మే 22న తొలిసారి ఎగిరెను. దానికై సిద్ధపరచిన తేలిక పదార్థమును నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన శస్త్రవైద్యుడొకరు చేతబట్టి చూచి ఆశ్చర్యపడి, ప్రయోగశాలాధిపతి అబ్దుల్ కలాము గారిని తమ ఆసుపత్రికి తోడ్కొనిపోయెను. అచట పిల్లలు మూడు కిలోలకు మించిన లోహపు ఊతములను కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకొనుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల ఊతములు సిద్ధమయ్యెను. తలిదండ్రులు కన్నీరు పెట్టుకొనిరని కలాము గారే చెప్పియున్నారు.

క్షిపణుల మాట అటుంచుదము. నగరమునకు తూర్పున ఉప్పలు, నాచారము పారిశ్రామికవాడల షెడ్లలో ఈ విద్య చేతిపనిగా సాగుచున్నది. తలుపులు, పైకప్పు రేకులు, తొట్లు చేయుదురు. ముందుగా అచ్చును మైనముతో రుద్దుదురు. లేనిచో వస్తువు అంటుకొని విడివడదు. పిదప రంగు కలిపిన జిగురుపూత. అది కొంత బిగిసిన మీదట గాజునార చాపను పఱచి, జిగురుతో తడిపి, రోలరుతో ఒత్తుదురు. ఈ ఒత్తుటయందే పనితనమంతయు నున్నది. పొరల నడుమ గాలిబుడగ నిలిచినచో అచ్చటనే వస్తువు విచ్చును. పైకి మాత్రము నిగనిగలాడును, కొనువానికి తెలియదు.

ఈ జిగురు ఆరి గట్టిపడునది కాదు. గట్టిపరచు ద్రవ్యము కలుపగా తనలో తాను వేడెక్కి బిగియును, మరల కరగదు. ఆ ద్రవ్యమును, వేగము పెంచు కోబాల్టు ద్రవమును నేరుగా కలిపినచో భగ్గున మండును. ఒకదానిని జిగురులో బాగుగా కలిపిన పిదపనే రెండవది పోయవలెను. జిగురు ఆవిరి ఊపిరికి చేటు. ముక్కునకు చుట్టిన తువాలు దానిని ఆపజాలదు. మీ యూరి కుఱ్ఱవాడెవడైన ఆ షెడ్లలో కూలికి చేరియున్నచో, ఆవిరిని వడగట్టు ముసుగును యజమాని ఇచ్చెనా యని ఈమారు పండుగకు ఇంటికి వచ్చినపుడు అడుగుడు.