పాఠశాల జిల్లా ఎంపిక (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

పాఠశాల జిల్లా ఎంపిక అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పిల్లలున్న కుటుంబాలు తాము నివసించబోయే ఇంటిని అక్కడి ప్రభుత్వ పాఠశాలలను బట్టి నిర్ణయించుకొనుట. ఇక్కడ జిల్లా అనే మాటకు గుంటూరు జిల్లా, వరంగల్ జిల్లా వంటి పరిపాలనా విభాగమని అర్థం కాదు. ఇది పాఠశాలల నిర్వహణ కొరకే ఏర్పడిన స్థానిక సంస్థ. చాలా చోట్ల దీనికి ప్రజలు ఎన్నుకున్న బోర్డు, స్వంత ఆస్తి పన్ను ఉంటాయి. దేశంలో ఇటువంటి జిల్లాలు సుమారు 13,000 ఉన్నవి. హవాయి రాష్ట్రమంతా ఒకే జిల్లా కాగా, న్యూజెర్సీ వంటి చిన్న రాష్ట్రంలో దాదాపు 600 ఉన్నవి. సాధారణంగా పిల్లవాడు ఏ జిల్లా హద్దులో నివసిస్తే ఆ జిల్లా పాఠశాలలోనే చదవాలి. కాబట్టి ఇంటి చిరునామాయే విద్యను నిర్ణయిస్తుంది.

ప్రత్యేక అవసరాలు గల బిడ్డ, అసాధారణ ప్రతిభ గల బిడ్డ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, లేదా ఈ రెండు లక్షణాలు ఒకే బిడ్డలో ఉన్నప్పుడు ఈ ఎంపిక కఠినమవుతుంది. మొదటి అవసరానికి దేశమంతటా వర్తించే చట్టం ఉన్నది. రెండవదానికి అటువంటి చట్టం లేదు.

చట్టపరమైన పునాది

1970ల ప్రారంభం వరకు అనేక రాష్ట్రాలలో మానసిక వైకల్యం గల పిల్లలను బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపడం చట్టబద్ధంగానే జరిగేది. 1972లో పెన్సిల్వేనియా రాష్ట్రానికి, వాషింగ్టన్ నగరానికి సంబంధించిన రెండు వ్యాజ్యాలు ఈ పరిస్థితిని మార్చాయి. 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వికలాంగ బాలలందరికీ విద్యను అందించే చట్టంపై సంతకం చేశాడు. 1990లో దీని పేరు ఇండివిడ్యువల్స్ విత్ డిజెబిలిటీస్ ఎడ్యుకేషన్ యాక్ట్ గా మారినది. సంక్షిప్తంగా ఐ.డి.ఇ.ఎ. అంటారు. 2004లో దీనిని చివరిసారి సమగ్రంగా సవరించారు.

ఈ చట్టం ప్రకారం 3 నుండి 21 సంవత్సరాల వయసు గల అర్హులైన పిల్లలకు తగిన విద్యను ఉచితంగా అందించవలసిన బాధ్యత జిల్లాది. మిషిగన్ రాష్ట్రంలో ఈ వయోపరిమితి 26 వరకు ఉన్నది. చట్టంలో 13 రకాల వైకల్యాలు పేర్కొనబడినవి. ఆటిజం, వినికిడి లోపం, డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలు ఇందులోకి వస్తాయి. అర్హత పొందిన ప్రతి బిడ్డకు ఐ.ఇ.పి. అనే వ్యక్తిగత విద్యా ప్రణాళికను తల్లిదండ్రులతో కలిసి వ్రాస్తారు. దానిని ఏటా సమీక్షించాలి. మూడేళ్ళకొకసారైనా బిడ్డను తిరిగి పరీక్షించాలి. 2022-23లో ఈ చట్టం కింద సేవలు పొందినవారు సుమారు 75 లక్షల మంది, అనగా ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో 15 శాతం. ప్రత్యేక బోధన అక్కరలేక, పరీక్షలో అదనపు సమయం వంటి సదుపాయాలు మాత్రమే కావలసిన పిల్లలకు 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ వర్తిస్తుంది.

ఐతే చట్టం ఒక్కటే అయినా అమలు ఒక్కటి కాదు. అదనపు ఖర్చులో 40 శాతం వరకు కేంద్రం భరించునని 1975లో చెప్పినా ఆ వాటా ఎన్నడూ అందలేదు. ఇటీవలి సంవత్సరాలలో అది 15 శాతం లోపే ఉన్నది. మిగిలినది రాష్ట్రం, జిల్లా భరించాలి. పాఠశాలలకు ఆస్తి పన్నుపై ఆధారపడి నిధులు సమకూర్చడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1973లో సుప్రీంకోర్టు సాన్ ఆంటోనియో కేసులో తీర్పు ఇచ్చినది. కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు జిల్లాలలో స్పీచ్ థెరపిస్టుల సంఖ్య, తరగతి సహాయకుల సంఖ్య ఎంతో తేడాగా ఉండవచ్చు.

ప్రతిభావంతుల విద్య

1972లో మార్లాండ్ నివేదిక ప్రతిభావంతులైన పిల్లలు నిర్లక్ష్యానికి గురవుతున్నారని కేంద్ర ప్రభుత్వం దృష్టికి తెచ్చినది. 1988లో వచ్చిన జావిట్స్ చట్టం పరిశోధనలకు, నమూనా కార్యక్రమాలకు కొంత ధనం ఇస్తుందే తప్ప పిల్లలకు ఏ హక్కునూ ఇవ్వదు. అందువలన ఇది పూర్తిగా రాష్ట్రాల ఇష్టం. కాన్సాస్ లో ప్రతిభావంతులు ప్రత్యేక విద్యా చట్టం కిందికే వస్తారు, వారికీ ఐ.ఇ.పి. ఉంటుంది. పెన్సిల్వేనియాలో జి.ఐ.ఇ.పి. అనే విడి ప్రణాళిక ఉన్నది. జిల్లా దానిని పాటించకపోతే తల్లిదండ్రులు విచారణ కోరవచ్చు. ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాలలో జిల్లాలు ఇటువంటి పిల్లలను గుర్తించి సేవలు అందించాలి. న్యూజెర్సీ 2020లో తన నిబంధనలను చట్టరూపంలో బలపరచినది. కాలిఫోర్నియా 2013లో ఇందుకు కేటాయించే ప్రత్యేక నిధిని సాధారణ నిధిలో కలిపివేసినది. జాతీయ పరీక్షలలో ఎప్పుడూ ముందుండే మసాచుసెట్స్ లో ఇటువంటి విద్యను తప్పనిసరి చేసే చట్టమే లేదు. మంచి రాష్ట్రం అనగానే ప్రతిభావంతులకు మంచి ఏర్పాట్లు ఉంటాయని అనుకోవడం సరికాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రెండు లక్షణాలు ఒకే బిడ్డలో

వీరిని ఆంగ్లంలో ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు. వీరి విషయంలో ప్రతిభ లోపాన్ని కప్పివేస్తుంది, లోపం ప్రతిభను కప్పివేస్తుంది. డిస్లెక్సియా గల తెలివైన బాలిక విన్నదానిని గుర్తుంచుకొని, ఊహించి తరగతితో సమానంగా నెట్టుకొని వస్తుంది. ఆమెకు ఏ లోపమూ లేదని, గొప్ప ప్రతిభా లేదని ఉపాధ్యాయులు భావిస్తారు. బుద్ధి పరీక్షలోనూ ఇదే జరుగుతుంది. తార్కిక విభాగంలో అత్యధికంగా, వేగం విభాగంలో చాలా తక్కువగా మార్కులు వస్తే మొత్తం మార్కు సగటుగా కనిపిస్తుంది. అందుకే నిపుణులు ఇటువంటి వారికి వేగాన్ని లెక్కలోకి తీసుకోని జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ ను చూడమంటారు. మొత్తం మార్కును మాత్రమే అంగీకరించే జిల్లాలో ఈ బిడ్డకు చోటు దొరకడం కష్టం.

ఈ సమస్య చట్టంపై వచ్చిన మొట్టమొదటి పెద్ద తీర్పులోనే కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హెండ్రిక్ హడ్సన్ జిల్లాలో ఎమీ రౌలీ అనే బధిర బాలిక ఒకటవ తరగతి చదువుతున్నప్పుడు, తరగతి గదిలో సంజ్ఞాభాషా దుబాసిని ఏర్పాటు చేయమని ఆమె తల్లిదండ్రులు కోరారు. వారు కూడా బధిరులే. బాలిక పెదవుల కదలికను చదవడంలో నేర్పరి, చదువులో సగటు కంటే మెరుగు. కాని తరగతిలో చెప్పినదానిలో 60 శాతం లోపే ఆమెకు అందుతున్నదని క్రింది కోర్టు గుర్తించినది. 1982లో సుప్రీంకోర్టు జిల్లా పక్షాన తీర్పు చెప్పినది. బిడ్డకు విద్య వలన కొంత ప్రయోజనం కలిగితే చాలు, ఆమె శక్తి పూర్తిగా వికసించేటట్లు చేయవలసిన బాధ్యత జిల్లాకు లేదన్నది. అనగా తెలివైనది కావడమే ఆమెకు ప్రతికూలమైనది. తరువాత ఆ కుటుంబం న్యూజెర్సీ రాష్ట్రానికి మారగా అక్కడి పాఠశాలలో ఆమెకు దుబాసి లభించినది. కోర్టులో దొరకనిది జిల్లా మారితే దొరికినది.

2017లో కొలరాడో రాష్ట్రపు డగ్లస్ కౌంటీ జిల్లాకు సంబంధించిన ఎండ్రూ ఎఫ్. కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఈ ప్రమాణాన్ని పెంచినది. నామమాత్రపు ప్రగతి చాలదని, బిడ్డ పరిస్థితికి తగిన ఉన్నతమైన లక్ష్యాలు ఉండాలని పేర్కొన్నది. మార్కులు బాగున్నాయన్న కారణంతో పరీక్షించడానికే నిరాకరించరాదని కేంద్ర విద్యాశాఖ 2015లో రాష్ట్రాలకు గుర్తు చేసినది. అయినా ఈ సమాధానం తల్లిదండ్రులకు నేటికీ ఎదురవుతూనే ఉన్నది. ఈ విషయంలో మేరీల్యాండ్ లోని మాంట్‌గొమరీ కౌంటీ జిల్లాకు పూర్వానుభవం ఎక్కువ. 1980ల నుండే అక్కడ ఇటువంటి పిల్లలకు ప్రత్యేక తరగతులు నడిచాయి.

జిల్లాను పరిశీలించుట

ఇళ్ళ అమ్మకపు ప్రకటనలలో పాఠశాలకు పదికి ఇన్ని మార్కులని వేస్తారు. పాఠశాల పరీక్ష ఫలితాలు 5 శాతం పెరిగితే తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ చెల్లిస్తున్నారని బోస్టన్ శివారులపై సాండ్రా బ్లాక్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో తేలినది. కాని ఈ మార్కులు ప్రధానంగా సగటు ఫలితాలను, వాటి వెనుకనున్న కుటుంబ ఆదాయాన్ని చూపుతాయి. సగటుకు అటూ ఇటూ దూరంగా ఉన్న పిల్లలకు అవి చెప్పేది స్వల్పం.

వీటికంటే ఉపయోగపడే సమాచారం ప్రభుత్వం వద్దనే దొరుకుతుంది. 2004 సవరణ వలన ప్రతి రాష్ట్రం తన జిల్లాల ప్రత్యేక విద్య పనితీరును ప్రకటించాలి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలలో ఎందరు రోజులో 80 శాతం లేదా అంతకు మించి సాధారణ తరగతిలోనే గడుపుతున్నారు, పరీక్షలు గడువులోగా జరుగుతున్నాయా అన్నవి ఇందులో ఉంటాయి. పౌరహక్కుల సమాచార సేకరణలో ప్రతిభావంతుల తరగతులలో వికలాంగ విద్యార్థులెందరో లెక్క ఉంటుంది. ఆ సంఖ్య సున్నాకు దగ్గరగా ఉంటే, రెండు లక్షణాలున్న పిల్లలను ఆ జిల్లా గుర్తించడం లేదనే అనుమానించాలి.

తక్కువ శాతం ఎప్పుడూ మంచికి గుర్తు కాదు. టెక్సాస్ విద్యా సంస్థ 2004లో ప్రత్యేక విద్య పొందేవారు 8.5 శాతం మించకుండా ఉండాలన్న సూచికను పెట్టినది. దేశ సగటు 13 శాతం ఉండగా ఆ రాష్ట్రపు సంఖ్య క్రమంగా ఈ సూచిక వద్దకు దిగినది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీనిని బయటపెట్టినది. 2017లో శాసనసభ ఇటువంటి పరిమితిని నిషేధించినది, అది చట్ట విరుద్ధమని 2018లో కేంద్ర విద్యాశాఖ నిర్ధారించినది. ఈ మధ్యకాలంలో వేలాది పిల్లలు సేవలు అందకుండానే తరగతులు దాటిపోయారు.

జిల్లా పరిమాణం కూడా ముఖ్యమే. కౌంటీ అంతటికీ ఒకే జిల్లా ఉండే ఫ్లోరిడా, మేరీల్యాండ్ రాష్ట్రాలలో రకరకాల కార్యక్రమాలు ఉంటాయి, కాని అవి ఇంటి పక్కనున్న బడిలోనే ఉండకపోవచ్చు. అన్నది ఒక బడి, చెల్లెలిది మరొక బడి కావచ్చు. చిన్న జిల్లాలు ఒంటరిగా నడపలేని తరగతులను న్యూయార్క్ లో బోసెస్, పెన్సిల్వేనియాలో ఇంటర్మీడియట్ యూనిట్ అనే ఉమ్మడి సంస్థలు నడుపుతాయి. వివాదం వచ్చినప్పుడు విచారణ కోరినవారే తమ వాదన నిరూపించుకోవాలని 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. న్యూయార్క్ 2007లో, న్యూజెర్సీ 2008లో చట్టం చేసి ఆ భారాన్ని జిల్లాపై ఉంచాయి. లాయరు ఖర్చు భరించలేని కుటుంబానికి ఇది చిన్న తేడా కాదు. న్యూజెర్సీ, మసాచుసెట్స్ లలో ప్రతి జిల్లాలోనూ ప్రత్యేక విద్యపై తల్లిదండ్రుల సలహా మండలి ఉండాలి. అద్దె ఒప్పందం చేసుకొనే ముందు ఆ మండలి సభ్యులను విచారించడం మేలు.

ఇల్లు మారినప్పుడు

ఐ.ఇ.పి. గల బిడ్డ మరొక జిల్లాకు మారితే, క్రొత్త ప్రణాళిక సిద్ధమయ్యే వరకు పాతదానికి సమానమైన సేవలు క్రొత్త జిల్లా ఇవ్వాలి. రాష్ట్రం మారినా ఇది వర్తిస్తుంది, కాని అక్కడ అర్హతకై తిరిగి పరీక్షించవచ్చు. ప్రతిభావంతుల గుర్తింపుకు ఇటువంటి రక్షణ సాధారణంగా లేదు. క్రొత్త జిల్లా తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. తల్లిదండ్రులు స్వయంగా ప్రైవేటు పాఠశాలలో చేర్చిన బిడ్డకు ఐ.డి.ఇ.ఎ. కింద వ్యక్తిగత హక్కు చాలా వరకు పోతుందన్న విషయం పలువురికి ఆలస్యంగా తెలుస్తుంది.

పరీక్ష కోరే లేఖ వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. తల్లిదండ్రుల అంగీకారం అందిన నాటినుండి 60 రోజులలోగా, లేదా రాష్ట్రం విధించిన గడువులోగా పరీక్ష పూర్తి కావాలి. నోటిమాటగా అడిగినదానికి ఆధారం మిగలదు.

తెలుగు కుటుంబాలు

న్యూజెర్సీలోనూ, టెక్సాస్ లోని డల్లాస్, హ్యూస్టన్ శివారులలోనూ తెలుగువారు అధికంగా స్థిరపడ్డారు. పాఠశాల మార్కులను చూసి ఇల్లు కొనడం వీరిలో సర్వసాధారణం. బిడ్డకు ప్రత్యేక విద్య అవసరమని చెప్పుకోవడానికి సంకోచం కూడా కొన్ని ఇళ్ళలో ఉన్నది. ఈ హక్కులకు తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదు; ప్రభుత్వ పాఠశాలలో చేరడానికి వలస స్థితి అడ్డు కారాదని 1982లోనే ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. ఇంట్లో తెలుగే మాట్లాడే పసిబిడ్డను ఆంగ్లంలో మాత్రమే పరీక్షించి మాట లోపమని నిర్ణయించడం కూడా తగదు. సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషలో పరీక్షించాలని, అవసరమైన తల్లిదండ్రులకు సమావేశంలో దుబాసిని ఏర్పాటు చేయాలని చట్టం చెప్పుచున్నది.

2025 మార్చిలో కేంద్ర విద్యాశాఖ తన సిబ్బందిలో దాదాపు సగం మందిని తగ్గించనున్నట్లు ప్రకటించినది. దీనివలన ఐ.డి.ఇ.ఎ. చట్టం రద్దు కాలేదు. కాని జిల్లాలపై పర్యవేక్షణలో రాష్ట్రాల పాత్ర మరింత పెరిగినది.