చూపులేని బాలునికై వెలసిన నాదశాల

విజయనగర మనగానే కోట, గంటస్తంభము, గురజాడవారు, ఫిడేలు వరుసగా మనసునకు వచ్చును. ఈ ఊరి సంగీత కళాశాల 1919లో వెలసినదని పెక్కుమంది యెరుగుదురు. అది యెందులకు వెలసినదో తెలిసినవారు తక్కువ.

పూసపాటి విజయరామ గజపతిరాజుగారి ఆస్థానమున చాగంటి జోగారావుగారను ఉద్యోగి ఉండెడివారు. ఆయన కుమారునికి చూపు లేదు. సంగీతమన్న మక్కువ మాత్రము కలదు. ఆనాడు చూపులేని పిల్లవానికి మన ప్రాంతమున దారి యేది? వీధి అరుగుమీద కూర్చుండి, వచ్చిపోవువారి అలికిడి వినుటయే బ్రతుకు. ఆ బాలునికి సంగీతము నేర్పింపవలెనని తలచిన మహారాజు, ఒక గురువును కుదిర్చి ఊరకుండలేదు. అందరికిని పనికివచ్చునట్లు పాఠశాలనే నెలకొల్పి, హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి అధ్యక్షులుగా నియమించిరి.

ఆ యేటనే ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చటికి వచ్చిరి. 1893లో జన్మించిన ఆయనకు చిన్ననాడే చూపు మందగించి బడిచదువు ఆగిపోయెను. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు నేర్పిరి. విద్యార్థిగా చేరవచ్చిన ఆ యువకుని వాద్యము విని, ఆచార్యునిగానే చేర్చుకొనిరని ప్రతీతి. 1936లో దాసుగారి తరువాత ఆయనయే అధ్యక్షులైరి. 1941లో సంగీతకళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ ఆయనను వరించినవి. తరువాతి కాలమున ఘంటసాల, సుశీల మొదలైనవారు ఈ కళాశాలలోనే చదివిరి.

సంగీతము ఆ బాలునికిగాని, నాయుడుగారికిగాని చూపు నీయలేదు. అయినను ప్రతిదినమును ఒక పని, ఒక గురువు, నలుగురు తోటివారు, తన చేతినుండి పుట్టిన నాదము – ఇన్ని దొరకు చోటు ఒకటి యేర్పడెను. కంటికి కానిది మనసునకైనది.

ఈ మేలునే నేడు వైద్యులు సంగీతచికిత్స, శబ్దచికిత్స అను పేర్లతో పరిశీలించుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడి, మనసు చెదరి తిరిగివచ్చిన సైనికులకు అమెరికా ఆసుపత్రులలో వాద్యకారులు వినిపించిన సంగీతము వైద్యుల దృష్టి నాకర్షించెను. 1944లో మిషిగన్ స్టేట్ కళాశాలయందు అది పాఠ్యవిషయమయ్యెను. 1950లో ఆ వృత్తివారికి జాతీయసంఘ మేర్పడెను. కుంగుబాటుతో బాధపడు నాలుగువందల పైచిలుకు మందిపై జరిగిన తొమ్మిది పరిశోధనలను 2017లో కోక్రేన్ సంస్థవారు సమీక్షించిరి. మామూలు చికిత్సకు సంగీతచికిత్స తోడైనచో, కొంతకాలమువరకైనను, కుంగుబాటు మరింత తగ్గునని వారు తేల్చిరి.

ఇందులో మంత్రమేమియు లేదు. పాడువాడు నిశ్వాసమును నెమ్మదిగా, దీర్ఘముగా విడువవలెను. అందుచే గుండెదడ తగ్గి, దేహము శాంతించును. నలుగురితో తాళము కలిపినవానికి తాను ఒంటరినను తలంపు సడలును. మన శ్రీకాకుళపు తప్పెటగుళ్ళను చూడుడు: రొమ్మున గుండ్రని రేకువాద్యము కట్టుకొని, ఒక్క దెబ్బకు పదిమందియు ఒక్కటిగా అడుగువేయుదురు. ఆ వరుసలో వెనుకబడినవానిని ప్రక్కవాని చేయియే లయలోనికి తెచ్చును.

అయితే ఒక్క హెచ్చరిక. ఫలానా రాగము ఫలానా రోగమును మాన్పునను మాటలకు తగిన ఆధారము లేదు. మనసు కుంగినవారిని వైద్యునికి చూపవలసినదే. పాట విన్నామని మందు మానరాదు. సంగీతము వైద్యమునకు తోడు. దానికి బదులు కాదు. చెవులు దిమ్మెక్కు మ్రోతవలన మేలు లేదు సరికదా, కీడే కలుగును.

రేడియోలో పనిచేయువాడను గనుక వినుటను తక్కువచేసి పలుకజాలను. కాని విజయనగరపు మహారాజు ఆ బాలునికి సంగీతము వినిపించి ఊరకుండలేదు, నేర్పించిరి. మన యిండ్లలోను అరుగుమీద ఒంటరిగా కూర్చున్నవారు ఉందురు: చూపు తగ్గిన తాతగారో, మాట తగ్గిన పిల్లవాడో. రేడియో వారి దగ్గర పెట్టి, మన పనికి మనము పోవుట సులభము. ఆ పాట ముగిసిన పిమ్మట వారిచెంత కూర్చుండి, ఒక పల్లవి కలిసి పాడుడు. తాళము వారి చేతికిండు.