దుఃఖ సంవత్సరం నుంచి తిత్లీ దాకా: సహనం అంటే ఏమిటి?

సమస్త స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!



అక్టోబర్ మాసం వచ్చిందంటే మన ప్రాంతపు ప్రజల చూపు ఆకాశం వైపు మళ్ళుతుంది. 2013 అక్టోబర్ 12న పైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. హుద్‌హుద్ అనేది హజ్రత్ సులైమాన్ (అ) సన్నిధికి వార్త తెచ్చిన పక్షి పేరు. తిత్లీ అంటే ఉర్దూలో సీతాకోకచిలుక. పేర్లు ఎంత సుకుమారమో వాటి దెబ్బ అంత కఠినం. పలాస సమీపంలో తెల్లవారుజామున తీరం దాటిన తిత్లీ ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. మహేంద్రతనయ, వంశధార పొంగి పొర్లాయి. వరి పోతే మరుసటి ఏడు మళ్ళీ నాటుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు ఆగాలి. చెట్టు కూలిన రైతుకు పంటతో పాటు, అప్పు తీరుతుందన్న ఆశ కూడా కూలిపోయింది.

అటువంటి మనిషి మసీదు గడప ఎక్కితే మనం చెప్పే మొదటి మాట “సబ్ర్ చేయండి” అని. మాట సత్యమే. అయితే ఆ మాటను మనం ఏ అర్థంలో వాడుతున్నాం? దుఃఖాన్ని దిగమింగి నోరు మూసుకోమని చెప్పడానికా? ఆ అర్థం సరైనదో కాదో మన చరిత్రనే అడుగుదాం.

దైవదౌత్యపు పదవ సంవత్సరాన్ని చరిత్రకారులు ‘ఆముల్ హుజ్న్’, అంటే దుఃఖ సంవత్సరం అన్నారు. అది క్రీ.శ. 619 ప్రాంతం. అంతకు ముందు మూడేళ్ళ పాటు ఖురైషులు ప్రవక్త (స) వంశస్థులను వెలివేసి ఒక లోయకు పరిమితం చేశారు. వారు ఆకులు తిని బతికిన రోజులున్నాయి. ఆ వెలి ముగిసిందనుకునే లోపే అండగా నిలిచిన పినతండ్రి అబూ తాలిబ్, తోడునీడైన హజ్రత్ ఖదీజా (రజి) కొద్ది కాలంలోనే ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. ఆశతో తాయిఫ్ వెళితే అక్కడివారు రాళ్ళు రువ్వారు. పాదాలు రక్తసిక్తమయ్యాయి.

అప్పుడు ప్రవక్త (స) ఏం చేశారు? ఒక ద్రాక్షతోట నీడన కూర్చుని తన బలహీనతను, నిస్సహాయతను ప్రభువుకు విన్నవించుకున్నారు. బాధ లేనట్టు నటించలేదు. ఆ బాధను ప్రతీకారంగానూ మార్చుకోలేదు. ఆ జనాన్ని కొండల నడుమ నలిపివేసే అవకాశం ముందుకు వచ్చినా, వారి సంతానంలోనైనా విశ్వాసులు పుడతారని ఆశించి వద్దన్నారు. సుమారు పదేళ్ళ తర్వాత, హిజ్రీ 9లో, అదే తాయిఫ్ ప్రతినిధులు మదీనాకు వచ్చి ఇస్లాం స్వీకరించారు.

పసిబాలుడైన కుమారుడు ఇబ్రాహీం చివరి ఘడియల్లో ఆయన కళ్ళు చెమర్చాయి. ఆశ్చర్యపోయినవారికి అది కారుణ్యమని చెప్పారు. హజ్రత్ యాఖూబ్ (అ) అందమైన సహనాన్ని ఆశ్రయించారని ఖుర్ఆన్ చెబుతుంది. యూసుఫ్ (అ) కోసం దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడ్డాయనీ అదే సూరా చెబుతుంది. కనుక కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. నిరాశ విరుద్ధం. ప్రభువుపై నిందలు వేయడం విరుద్ధం. కోపాన్ని ఆలుబిడ్డలపై చూపడం విరుద్ధం. కోపం వచ్చినప్పుడు నిలుచున్నవాడు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త (స) ఉపదేశించారు. ఆవేశాన్ని అణచడానికి ముందు శరీరాన్ని నెమ్మదింపజేయాలన్న వివేకం ఇందులో ఉంది.

ఇక రెండవ ఘట్టం. హిజ్రీ 18లో హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో అరేబియాను భయంకరమైన కరవు కమ్మింది. నేల బూడిద రంగుకు తిరగడంతో దానికి ‘ఆముర్రమాదా’ అని పేరు వచ్చింది. ప్రజలు కడుపునిండా తినేంతవరకు తాను నెయ్యి, మాంసం ముట్టనని ఖలీఫా ప్రతిన పూనారు. నూనెతోనే సరిపెట్టుకోవడం వల్ల ఆయన మేనిఛాయ నల్లబడిందని చరిత్రకారులు రాశారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) సిరియా నుంచి నాలుగు వేల ఒంటెలపై ఆహారం తెచ్చారని తబరీ గ్రంథం పేర్కొంటుంది. జకాత్ వసూలును వాయిదా వేశారు. హజ్రత్ అబ్బాస్ (రజి)ను వెంట నిలుపుకొని వర్షం కోసం దుఆ చేశారు. ఆ రోజుల్లోనే సిరియాలో ప్లేగు ప్రబలింది. ఆ వార్త విని ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. ఇది దైవనిర్ణయం నుంచి పారిపోవడం కాదా అని అడిగితే, తాము వెళ్తున్నది కూడా దైవనిర్ణయం వైపేనని బదులిచ్చారు.

గమనించండి. దుఆ ఉంది, ధాన్యం కూడా ఉంది. తవక్కుల్ ఉంది, జాగ్రత్త కూడా ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు సురక్షిత కేంద్రానికి వెళ్ళడం విశ్వాస లోపం కాదు. నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీద విరక్తి కలిగిన వ్యక్తిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడమూ విశ్వాస లోపం కాదు. అతనికి ఈమాన్ తక్కువని నిందించేవారు గాయంపై కారం చల్లుతున్నారు.

మన నేలకు ఆపదలు కొత్త కావు. 1866 నాటి మహాక్షామం ఒడిశాతో పాటు నాటి గంజాం జిల్లానూ పీల్చి పిప్పి చేసింది. పాతపట్నం అప్పుడు ఆ జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, మన ఊరు ఇటు అయ్యాయి. మహేంద్రతనయ మాత్రం ఆ గీతను లెక్కచేయక రెండు వైపులా ప్రవహిస్తూనే ఉంది. వరదకు సరిహద్దు లేదు, మతం లేదు. ఆదుకునే చేతికీ అవి ఉండకూడదు.

సోదరులారా! ప్రవక్త (స) తరచుగా చేసే ఒక దుఆలో దిగులు, దుఃఖం నుంచి శరణు వేడుతూ, అదే వరుసలో అప్పుల భారం నుంచి కూడా శరణు వేడేవారు. గుండె బరువుకూ అప్పు బరువుకూ ఉన్న సంబంధాన్ని ఆయన ఎరిగినవారు. కనుక “సబ్ర్ చేయండి” అని చెప్పే ముందు ఆ ఇంట పొయ్యి వెలిగిందో లేదో చూద్దాం. మనకు బాకీ ఉన్నవారికి గడువు ఇద్దాం. స్థోమత ఉంటే మాఫీ చేద్దాం. బిడ్డలు వలస వెళ్ళగా ఒంటరిగా మిగిలిన వృద్ధుల తలుపు తడదాం. నమాజ్ వరుసలో రోజూ కనిపించే మనిషి రెండు రోజులు కనిపించకపోతే మూడో రోజు వెతుక్కుంటూ వెళదాం. చెప్పుకునేవారికి సలహా కన్నా ముందు చెవిని ఇద్దాం.

ఓ అల్లాహ్! మా హృదయాలకు స్థైర్యం ప్రసాదించు. దుఃఖంలో ఉన్నవారి భారాన్ని తేలిక చేయి. వారి భారాన్ని పంచుకునే భుజాలుగా మమ్మల్ని మలచు. మా నేలను, నదులను, తీరాలను నీ కాపుదలలో ఉంచు. ఆమీన్.