సిపాయి రెండవ కొలువు

చరిత్ర యనగానే మనకు రాజులు, దండయాత్రలు, సంధిపత్రములు జ్ఞప్తికి వచ్చును. యుద్ధభూమిలో నిలిచిన సిపాయి ఆ గ్రంథములలో తరచు ఒక అంకెగా మాత్రమే కనిపించును. యుద్ధము ముగిసిన పిమ్మట అతడు ఏ ఊరు చేరినాడు, తరువాతి ముప్పది నలువది యేండ్లు ఎట్లు గడపినాడు, తన ఇంటికిని ఇరుగుపొరుగునకును ఏమి చేసినాడు అని అడిగినవారు తక్కువ. పుంగనూరు, మదనపల్లె, కుప్పము వంటి చిన్న పట్టణముల చరిత్రకు ఈ ప్రశ్నయే ముఖ్యమని మా అభిప్రాయము. పటాలములో చేసినది సిపాయి మొదటి కొలువైనచో, ఊరికి తిరిగి వచ్చి చేసినది రెండవ కొలువు.

ఈ సీమకు దండు కొత్త కాదు. మైసూరు పీఠభూమి నుండి ఆర్కాటు మైదానమునకు దిగు కనుమలు ఈ చేరువనే ఉన్నవి. హైదరాలీ పుట్టిన బూదికోట పొరుగుననున్న కోలారు ప్రాంతములోనిది. అతడు 1782 డిసెంబరు 7వ తేదీన కన్నుమూసినది చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట వద్ద, తన దండు విడిదిలోనే. 1791లో కారన్‌వాలీసు ప్రభువు టిప్పుసుల్తానుపై కదలినప్పుడు మొగిలి కనుమనెక్కి పలమనేరు మీదుగా కోలారునకు, అటనుండి బెంగుళూరునకు సాగినాడు. ఇట్టి త్రోవలపై బ్రతికిన పల్లెలకు సైన్యమనగా భయమును తెలియును, బ్రతుకుతెరువును తెలియును.

కంపెనీ ప్రభుత్వము రాకమునుపు రాయలసీమ పాళెగాండ్ర క్రింద కట్టుబడి బంట్రోతులుండిరి. వారికి జీతమునకు బదులు భూమి ఇచ్చుట ఆచారము. పిలిచినప్పుడు ఆయుధము పట్టుట, మిగిలిన దినములలో ఆ భూమినే దున్నుకొనుట వారి వృత్తి. 1800లో దత్తమండలములు కంపెనీ వశమైనవి. పాళెగాండ్ర బలము అణగినది. కాని సిపాయికిని భూమికిని గల ఆ పాత సంబంధము ప్రజల మనస్సులనుండి తొలగలేదు. అప్పుడు కడప జిల్లాలో చేరిన మదనపల్లెయు, ఉత్తర ఆర్కాటునకు చెందిన పుంగనూరు జమీందారీయు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒకే జిల్లా క్రిందికి వచ్చినవి.

మద్రాసు రెజిమెంటు తన పుట్టుకను 1758 నుండి లెక్కించుకొనును. తొలినాళ్లలో కంపెనీ వారు మద్రాసునుండి వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలలో తెలుగువారు అనేకులు. అందుచేతనే ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' యను పేరు స్థిరపడి 1857 నాటికిని వాడుకలో నిలిచినది. మన జాతి పేరు పరదేశమున ఒక వృత్తి పేరైనదని మనలో ఎందరికి తెలియును?

మద్రాసు సైన్యములో మరియొక విశేషము కలదు. వంగ సైన్యపు సిపాయి కుటుంబమును స్వగ్రామమున విడిచి పోయెడివాడు. మద్రాసు సిపాయి భార్యాబిడ్డలను పటాలము వెంటనే ఉంచుకొనెడివాడు. సిపాయిల కుమారులను బాల్యముననే పటాలపు పట్టికలో చేర్చుకొని కొద్దిపాటి జీతమిచ్చి పెంచు ఏర్పాటు ఉండెడిది. సముద్రము దాటి బర్మాకో చైనాకో పోయినవాడు జీతములో కొంత భాగమును ఇంటివారికి ముట్టునట్లు వ్రాయించి పోవచ్చును. కుటుంబమును కాపాడుకొనుట ఇచ్చట సైనికధర్మములో ఒక భాగమైనది.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ ద్వారము మూతపడసాగినది. కొన్ని జాతులే యుద్ధమునకు తగినవను సిద్ధాంతము బ్రిటిషు సేనానులలో బలపడినది. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యమునకు అధిపతియైన రాబర్ట్సు దొర దక్షిణాది సిపాయి పూర్వపు సత్తువ కోల్పోయినాడని వాదించినవారిలో ముఖ్యుడు. పటాలములు ఒక్కొక్కటిగా తగ్గి, 1928 నాటికి క్రమసైన్యములో మద్రాసు పదాతిదళమే లేకపోయినది. ఆ సిద్ధాంతపు నష్టమును మెట్టసీమ మరింతగా అనుభవించినది. 1876-78 నాటి ఘోర క్షామమును చూచిన ప్రాంతమిది. వాన తప్పిన యేడు నెలకొకమారు వచ్చు జీతమో పింఛనో ఒక ఇంటి పొయ్యిని వెలిగించెడిది. అట్టి ఆధారము పోవుట అవమానమునకు తోడైన ఆకలి.

ఆ వాదము తప్పని యుద్ధములే తేల్చినవి. 1780లో పుట్టి బెంగుళూరు కేంద్రముగా వెలసిన మద్రాసు సాపర్ల దళము మొదటి ప్రపంచయుద్ధములో అనేక రంగములలో వంతెనలు కట్టినది, బాటలు వేసినది. ఆ యుద్ధమునకు మన దేశమునుండి పది లక్షలకు పైగా జనము సముద్రము దాటినారు. 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. రెండవ యుద్ధములో మన సైన్యము 25 లక్షలకు పెరిగినది. అవసరము మీదపడగా 1941లో మద్రాసు పదాతిదళములను మరల నిలువబెట్టినారు. యుద్ధమునకు తగడన్న దక్షిణాది సిపాయి బర్మా అడవులలో పోరాడి తన సత్తువకు తానే సాక్ష్యమిచ్చినాడు.

ఇక రెండవ కొలువు. పింఛను పుచ్చుకొని ఊరు చేరినవానిని జనము 'మిలిటరీ ఆయన' యనినారు. మాంసాహారము దొరకు భోజనశాలకు సైతము 'మిలిటరీ హోటలు' అని పేరు పెట్టుకొన్న ప్రాంతమిది. అతడు తెచ్చినది రేకుపెట్టె ఒకటి, దానిలో డిశ్చార్జి పుస్తకము, ఒకటి రెండు పతకములు. కంటికి కనబడనివి మరికొన్ని: వేళకు లేచుట, నీరు కాచి త్రాగుట, టీకాకు వెరవకుండుట, ఇతర కులములవారితోను మతములవారితోను ఒక పంక్తిలో కూర్చుండి తిన్న అనుభవము. కొందరు బస్సు నడపినారు, కొందరు పాఠశాలలో డ్రిల్లు మాస్టర్లైనారు, కొందరు కాపలా కాసినారు, పెక్కుమంది మరల నాగలి పట్టినారు. వీధివారికి ఉత్తరము చదివి పెట్టుట, తాలూకా కచ్చేరికి అర్జీ వ్రాసి ఇచ్చుట, తిరునాళ్లలో జనమును వరుసలో నిలుపుట, కొడుకుతో పాటు కూతురును బడికి పంపుట — ఇవి ఏ గెజెట్టులోను అచ్చుపడని సేవలు.

ఈ లెక్కలో ఇల్లాలిని మరచుట న్యాయము కాదు. అతడు సరిహద్దులో ఉన్న ఆ పదునైదు, ఇరువది యేండ్లును పొలము కౌలుకిచ్చి, అత్తమామలను సాకి, బిడ్డలను చదివించి ఇంటిని నిలిపినది ఆమె. ఆమె చేసిన కొలువునకు పింఛను లేదు.

సిపాయి ఋణము తీర్చుటకు సర్కారు కొన్ని మార్గములు వేసినది. 1919లో భారత సైనికుల బోర్డు పుట్టినది. నేటి కేంద్రీయ సైనిక బోర్డునకు అదియే మూలము. జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు వెలసినవి. 1949 నుండి ప్రతి యేట డిసెంబరు 7ను పతాకదినముగా జరుపుచున్నారు. మాజీ సైనికులకు సర్కారు భూమిని పట్టాగా ఇచ్చు పద్ధతి మన రాష్ట్రమున వచ్చినది. కట్టుబడి నాటి ఆచారమునకు ఇది క్రొత్త రూపమనవచ్చును. ఒకే హోదా, ఒకే సేవాకాలము గలవారికి ఒకే పింఛను ఉండవలెనను చిరకాలపు కోరికను 2015లో అంగీకరించి, 2014 జూలై 1 నుండి అమలుపరచినారు.

గౌరవము చూపుట మాత్రము ఊరివారి పని. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంత మాధవరము కలదు. 'మిలిటరీ మాధవరము' అని దానికి ప్రసిద్ధి. మొదటి యుద్ధమునకు 90 మంది, రెండవ యుద్ధమునకు వేయికి పైగా అచ్చటినుండి వెళ్లినారని గ్రామస్థులు చెప్పుదురు. అచ్చట స్మారకము నిలిచినది. వందలమంది పోయిన ఊరు తన కథను తానే చెప్పుకొనును. వీధికొకరు పోయిన పుంగనూరు వంటి పట్టణమున ఆ కథ ఇంటింట చెదరియుండును. ఏరి కూర్చువారు లేనిచో అది ఒక తరముతో ముగియును.

సైన్యపు త్రోవ ఈ సీమలో నేటికిని చెరిగిపోలేదు. 2014లో మదనపల్లె చేరువనున్న కలికిరిలో సైనిక పాఠశాల వెలసినది. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద సేనాపతి బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టరు ప్రమాదమున అమరుడైన లాన్సు నాయకు సాయితేజ మదనపల్లె ప్రాంతమున కురబలకోట మండలపు ఎగువరేగడవాడు. ఆయనకు రెండవ కొలువు ప్రాప్తింపలేదు. అట్టివారిని తలచినప్పుడే, తిరిగి వచ్చి ముప్పదియేండ్లు మన నడుమ నడచిన ముదుసలి విలువ మనకు తెలియును.

రెండవ ప్రపంచయుద్ధపు సిపాయిలు దాదాపు అందరును గతించినారు. వారి డిశ్చార్జి పుస్తకములు అటుకలమీద చెదలపాలగుచున్నవి. తాత వాడిన రేకుపెట్టె ఇంటనున్నవారు దానిని ఒకమారు తెరచి చూడవలెనని మా మనవి. దళము పేరు, చేరిన తేదీ, విడిచిన తేదీ ఆ పుస్తకములో దొరకును. ఊరు చేరిన పిదప ఆయన ఏమి చేసినారో అందులో ఉండదు. దానిని ఎరిగిన అవ్వలు, పెదనాన్నలు ఇంకను ఉన్నప్పుడే అడిగి ఒక కాగితముపై వ్రాసి, ఆ పెట్టెలోనే భద్రపరుపుడు.